ఎర్రబండిని సమం చేసిన వైనం

టెస్ట్ డ్రైవ్‌కీ బండి కొనడానికీ సంబంధం ఉందని మా వైపు ఎవరూ అనుకోరు. ఆదివారం పూట రాజమండ్రి వెళ్ళినవాడు క్షవరం చేయించుకుంటాడు, బిర్యానీ తింటాడు, సినిమాకి ఇంకా టైముంటే షోరూముకి వెళ్ళి కొత్త కారు నడిపి వస్తాడు. లోపల ఏసీ ఉంటుంది. కాఫీ ఇస్తారు. 'సార్' అంటారు. పెట్రోలు వాళ్ళదే. ఇందులో తప్పుందని ప్రభుత్వం చెప్పేదాకా మాకు తోచలేదు.

ఆ ఆదివారం నన్ను లాక్కెళ్ళినవాడు మా బావమరిది నూకరాజు.

"బావా, కొత్త బండొచ్చిందంట. చూడ్డానికి మన బండంతే ఉంటదంట. తొక్కితే మాత్రం రాకెట్టంట. ఓ రౌండేసొచ్చేద్దాం రా."

మన బండి అంటే మా తెల్లకారు. తెల్లది అని దాని కాగితాల్లో ఉంది. పదమూడేళ్ళు నర్సరీ మొక్కలు మోసి అది నేల రంగులోకి వచ్చేసింది. కడియం పక్కన మాకు రెండెకరాల నర్సరీ. నేను బోటనీలో డిగ్రీ చేసి మొక్కలు పెంచుతాను, మా ఆవిడ వీరకుమారి వాటిని అమ్ముతుంది. పెళ్ళి మంటపాలకీ, కొత్తగా కట్టిన ఇళ్ళకీ కుండీలు పట్టుకెళ్ళేది ఆ కారే. వెనక సీటు పీకేసి రేకు పరిచాం. కుమారి డ్రైవింగు నేర్చుకున్నదీ దానిమీదే. ఊళ్ళోవాళ్ళు ఆ కారు చప్పుడు విని 'కుమారమ్మ వస్తంది' అంటారు తప్ప 'గంగాధరం వస్తన్నాడు' అనరు. మా ఇంట్లో నాకు జ్వరమొస్తే కషాయం కాస్తారు, కారుకి జ్వరమొస్తే మాత్రం పొయ్యి వెలగదు.

షోరూంలో హేమంత్ అని ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. మెడలో టై, చెవిలో ఏదో మిణుగురు.

"దీన్ని హాట్ హ్యాచ్ అంటారు సార్. సైజు చిన్నది, కోపం పెద్దది."

ఎర్రటి బండి. పండు మిరపకాయలా మెరిసిపోతోంది. వెనక రెండు సైలెన్సర్లు. మా దానికి ఒకటుంది, అది కూడా తీగతో కట్టి ఉంది. తలుపు వేస్తే 'డబ్' అని బరువుగా, మర్యాదగా పడింది. మా బండి తలుపు వేస్తే పక్క తలుపు తెరుచుకుంటుంది. మా క్లచ్చి తొక్కాలంటే సీటుకి వీపు ఆనించి బలం తీసుకోవాలి. ఇది పాదం పెట్టగానే లోపలికి పోయింది. మా మూడో గేరు బతిమాలితే పడుతుంది, దీని గేరు నేను అనుకునేలోపే పడి కూర్చుంది.

బైపాస్ ఎక్కాక హేమంత్, "ఇప్పుడు తొక్కండి సార్" అన్నాడు.

తొక్కాను. నా వీపు సీట్లోకి వెళ్ళిపోయింది. కడుపు మాత్రం వెనక సిగ్నల్ దగ్గరే ఉండిపోయింది. నూకరాజు నోట్లో కిళ్ళీ నమలకుండానే లోపలికి పోయింది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి నవ్వు బయటికొచ్చింది. మామూలు నవ్వు కాదు, జారుడుబల్ల మీద చిన్నపిల్లాడి నవ్వులాంటిది.

హేమంత్ ఫోను తీసి ఏదో నొక్కాడు.

తిరిగొచ్చి కాఫీ తాగాక, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. "బాగుంది బాబూ. ఆలోచించి చెప్తాం."

కుర్రాడి ముఖం వాడిపోయింది. "ఇప్పుడు ఆలోచించడానికి లేదు సార్. పోయిన నెల నుంచి రూలొచ్చింది. మీరు నవ్వారు కదా. నవ్వు నమోదు చెయ్యకపోతే మా లైసెన్సు పోద్ది."

అప్పుడు తెలిసింది, వాహన తులనా ప్రాధికార సంస్థ అని ఒకటి వెలసిందని. వాళ్ళ వాదన ఏమిటంటే, పరాయి బండిలో ఆనందం పొందినవాడు తన సొంత బండి దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు వాడి మనసులో అసంతృప్తి పుడుతుంది. అసంతృప్తితో నడిపేవాడు రోడ్డుకి ప్రమాదం. అందుచేత టెస్ట్ డ్రైవ్‌లో నవ్వినవాడు తన బండిని తెచ్చి కొత్తదానితో అధికారికంగా పోల్పించుకోవాలి. ఓడిన బండిని తుక్కు చేస్తారు. దాని యజమాని గెలిచిన బండిని కొనాలి. దాంతో అసంతృప్తి సమూలంగా పోతుంది.

అబద్ధం చెప్పకూడదు, వాదనలో పస ఉంది. ఇంటికొచ్చేటప్పుడు మా కారుని కూడా అలాగే తొక్కాను. అది తిరిగి నా వంక చూసినంత పని చేసి, రెండుసార్లు దగ్గి, వేగం తగ్గించింది. కొబ్బరికాయల ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది.

కుమారి అంతా విని ఒకటే అడిగింది.

"నవ్వేరా?"

"ఆపుకోలేకపోయానే."

"మన పెళ్ళి వీడియోలో మొదట్నించి చివరిదాకా ఒక్కచోట నవ్వరు మీరు. అక్కడికెళ్ళి నవ్వేరా?"

"అక్కా, నేను నవ్వలేదే, కిళ్ళీ మింగేసేనంతే" అన్నాడు నూకరాజు.

"నువ్వు నోర్ముయ్యిరా. ఆ ఎర్రదాన్ని కొనాలంటే సగం నర్సరీ అమ్మాలి. కొన్నాక దాంట్లో ఏం పెట్టి అమ్ముతాం? నవ్వులా? ఏవండీ, నా బండి తుక్కులోకి ఎల్లిందో, ఆ కుండీలు మీ నెత్తిమీదే ఎల్తాయి."

పిలుపు వచ్చింది. సంస్థ వారి తులనా మైదానం ఊరవతల ఉంది. మధ్యలో షామియానా, దాని కింద తులనాధికారి పరబ్రహ్మం గారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చెడని చొక్కా. ఆయన గురించి ఒక మాట ఒప్పుకోవాలి. కాఫీ కూడా తన ఫ్లాస్కులోదే తాగుతాడు. లంచం తీసుకునేవాడైతే మా కష్టం ఆ పూటతో తీరిపోయేది.

"శ్రీ గంగాధరం గారూ, తులన అనగా సమాన పరిస్థితులలో ఉంచబడిన రెండు వాహనముల మధ్య భేదమును నిర్ణయించుట. సమానత్వము లేనిదే తులన లేదు. తులన లేనిదే తృప్తి లేదు. ప్రారంభింపుడు."

ఎర్రబండి అవతల గీత మీద నిగనిగలాడుతోంది. మా బండి ఇవతల గీత మీద నూనె కారుస్తోంది. కడుపుమంటతో అన్నాను: "సమానం ఎక్కడుందండి బాబూ? మా బండి లక్షా అరవైవేల కిలోమీటర్లు తిరిగొచ్చిందండి. అది షోరూంలోంచి ఇప్పుడే దిగింది. బాలింతనీ కన్నెపిల్లనీ పరుగు పందెంలో నించోబెట్టినట్టుందండి."

పరబ్రహ్మం గారి పెన్ను ఆగిపోయింది.

"ఇది మౌలికమైన అభ్యంతరము" అన్నారు. "పాత వాహనము యొక్క మీటరును వెనుకకు త్రిప్పుట నేరము. కావున కొత్త వాహనమును ముందుకు త్రిప్పవలెను. లక్షా అరవైవేలు పూర్తి అగువరకు తులన వాయిదా వేయడమైనది. అంతవరకు ఏ వాహనమునూ అమ్మరాదు, కొనరాదు, తుక్కు చేయరాదు. తాళము ఎవరి వద్ద ఉన్నదో వాహనము వారి వద్దనే ఉండును."

"సార్!" హేమంత్ గొంతు కీచుమంది. "అది డిస్‌ప్లే పీసు సార్! మా మేనేజరు నన్ను చంపేస్తాడు సార్!"

"సమానత్వమునకు మూల్యము ఉండును. మీ మేనేజరు గారు చెల్లింతురు."

ఆ మర్నాటి నుంచి సంస్థ డ్రైవర్లు నలుగురు వంతుల వారీగా ఎర్రబండిని మైదానం చుట్టూ తిప్పడం మొదలెట్టారు. గొర్రెలు కాసుకునేవాళ్ళు వచ్చి గట్టు మీద కూర్చుని చూసేవారు. ఇటు మేం నిశ్చింతగా కుండీలు వేసుకు తిరుగుతున్నాం. ఒకటే ఇబ్బంది, నెలకోసారి బండిని హాజరుపరచాలి. హాజరుకి వెళ్ళిరావడంతో దాని మీటరు పెరుగుతుంది. పెరిగిన మేరకు ఎర్రబండి మళ్ళీ తిరగాలి. అది అందుకునేలోపు మేం పెళ్ళిళ్ళ సీజన్లో అమలాపురం, భీమవరం తిరిగి ఇంకాస్త ముందుకి పోతాం.

"సార్, మీరు బస్సులో రావచ్చుగా" అని హేమంత్ చేతులు పట్టుకున్నాడు. టై ఎప్పుడో తీసేశాడు.

"బండిని హాజరుపరచమన్నారు బాబూ. నన్ను కాదు."

కొన్నాళ్ళకి పరబ్రహ్మం గారికి ఇంకో లోపం తట్టింది. మా నర్సరీకి స్వయంగా వచ్చారు. కుండీల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. మా బండిలో కుమారి పోకమొక్కలు ఎక్కిస్తుంటే చూసి నిలబడిపోయారు.

"అమ్మా, ఇది నిత్యమూ ఇంత భారముతో నడచుచున్నదా?"

"ఆయ్, నిత్యమేనండి. ఇయ్యాల కొంచెం తక్కువండి."

"అది ఖాళీగా తిరుగుచున్నది! ఇన్ని వేల కిలోమీటర్లు వ్యర్థము!" ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "ఎర్ర వాహనమునకు కూడ వెనుక సీటు తొలగించి, రేకు పరచి, సమాన భారముతో సమాన మార్గమున నడుపవలెను. అయితే కుండీలు కొనుటకు మా సంస్థకు బడ్జెటు లేదు."

కుమారి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "దానికేం బాబుగారూ, మా కుండీలే పెట్టుకోండి. ఎటూ మండపేట ఎల్లాల్సిన లోడుంది. ఆ ఎర్రదాంట్లో పడేస్తే సరి."

అలా ప్రభుత్వ డ్రైవరు, ప్రభుత్వ పెట్రోలు, రెండు సైలెన్సర్లతో మా మొక్కలు తిరగడం మొదలయ్యాయి. ముందు తెల్లకారులో కుమారి, వెనక ఎర్రకారులో సంస్థ డ్రైవరు. ఎర్రకారు కిటికీల్లోంచి పోకమొక్కల తలలు బయటికొచ్చి ఊగుతుండేవి. కుండీలు దింపేటప్పుడు కుమారి గదమాయింపు వినాలి. "ఒరే అబ్బీ, మట్టిగడ్డ విరగ్గొట్టకు, మెల్లగా. ఏగంగా పోయే బండి కదా అని మొక్క మీద ప్రతాపం చూపిస్తావేంటి?" ఆ ఏడు మా వ్యాపారం రెండింతలైంది. హేమంత్‌కి మాత్రం షోరూం వాళ్ళు జీతం ఆపేశారు. మా ఇంట్లోనే భోంచేసేవాడు. వంకాయ కూర తింటూ, "మేడమ్, దీనికి టర్బో ఉంది మేడమ్, టర్బో" అని మధ్యమధ్యలో గుర్తు చేసుకునేవాడు.

"తినవయ్యా, ఇంకో ముద్ద తిను" అనేది కుమారి.

తర్వాత సొట్ట సంగతి వచ్చింది. మా బండి ముందు బంపరుకి ఎడమవైపు ఒక సొట్ట ఉంది. పక్కింటి లేగదూడ బెదిరి గుద్దుకున్నప్పుడు పడింది. పరబ్రహ్మం గారు దాన్ని టేపు పెట్టి కొలిచారు. క్షతములు కూడ సమానము కావలెనన్నారు. కారణము కూడ సమానము కావలెనన్నారు. అప్పటి దూడ ఇప్పుడు రెండు ఈతలు ఈనిన ఆవు, కాబట్టి అది పనికిరాదన్నారు. పశుసంవర్ధక శాఖకి రాసి, సరైన వయసున్న దూడని పిలిపించారు.

దూడ వచ్చింది. ఎర్రబండి ముందు నిలబెట్టారు. నూకరాజు వెనక డబ్బా వాయించాడు. డ్రైవర్లు నలుగురూ కేకలు పెట్టారు. దూడ బంపరు దగ్గరికి వెళ్ళి, వాసన చూసి, నాకడం మొదలెట్టింది. మధ్యాహ్నందాకా నాకింది.

"లేగదూడ సహకరింపలేదు" అని పరబ్రహ్మం గారు రాసుకున్నారు. చివరికి దూడ సమక్షంలో సుత్తితో కొట్టించారు.

ఆ దెబ్బ పడ్డప్పుడు నేను హేమంత్ వైపు చూడలేకపోయాను. అతను పక్కకి తిరిగి, గొర్రెలవాళ్ళ దగ్గర బీడీ అడిగి వెలిగించుకున్నాడు. అతనికి అలవాటు లేదు, దగ్గు వచ్చింది. టెస్ట్ డ్రైవ్ నుంచి ఇంటికొస్తూ మా బండి దగ్గినట్టే.

బీడీ అయ్యేలోపు అతనికి ఒక ఉపాయం తట్టింది. నేరుగా షామియానాలోకి వెళ్ళాడు. "సార్, ఈ సీజను అయ్యాక తెల్లబండిని లారీ మీద ఎక్కించి తెద్దాం సార్. దాని మీటరు కదలదు. మా బండి అందుకుంటుంది."

పరబ్రహ్మం గారు లేచి నిలబడి అతనితో చేయి కలిపారు. "యువకుడా, నీవు ఈ సంస్థలో ఉండవలసినవాడవు."

వాయిదా ఉన్నంతకాలమే మా బండి మాది. రెండు మీటర్లూ కలిసిన రోజున ఏదో ఒకటి తుక్కులోకి పోవాలి.

ఆ రోజు రానే వచ్చింది. కుమారి కూడా వచ్చింది. లారీ మీద నుంచి మా బండిని కొబ్బరి దుంగల మీదుగా చేతులతో దింపారు, చక్రం తిరగకుండా ఎత్తి పెట్టారు. రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. ఒకే మట్టి రంగు, ఒకే సొట్ట, ఒకే రేకు. ఎర్రదాని రెండో సైలెన్సరు ఎక్కడో రావులపాలెం దగ్గర పడిపోయిందట. మొదటిదాన్ని తీగతో కట్టారు.

"వేగ తులన" అన్నారు పరబ్రహ్మం గారు.

ఎర్రబండిలో కూర్చున్నాను. తలుపు వేస్తే పక్క తలుపు తెరుచుకుంది. తొక్కాను. నా వీపు సీటుని తాకడానికి కూడా మొహమాటపడింది. పైగా మిగతా కిలోమీటర్ల కోసం మైదానం చుట్టూ ఒకే వైపు తిరిగి తిరిగి, అది ఎడమవైపుకే పోతోంది. జెండా ఎదురుగా ఉంటే అది గొర్రెల వైపు వెళ్ళింది. జెండా దగ్గరికి రావడానికి మైదానమంతా చుట్టి రావాల్సి వచ్చింది. నాకు నవ్వు రాలేదు. జాలేసింది.

తర్వాత మా బండి ఎక్కాను. తాళం తిప్పగానే స్టార్టయింది. దగ్గుతూనే జెండా దాకా తిన్నగా పోయింది. షామియానా కింద కుమారి బిగబట్టిన ఊపిరి వదలడం కనిపించింది. నాకు పెదవి కాస్త కదిలింది.

"మందహాసము!" పరబ్రహ్మం గారు వేలెత్తారు. "అర నవ్వు. ఎర్ర వాహనమున సున్న. అర నవ్వు తేడాతో స్వవాహనము గెలుపొందినది."

నూకరాజు ఈల వేశాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళు మా లోడ్లు మోసి వాళ్ళూ మా మనుషులే అయిపోయారు. కుమారి కళ్ళు తుడుచుకుంది. నేను దిగి బానెట్టు మీద చెయ్యి వేశాను.

పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు. "కావున నిబంధన ప్రకారము ఓడిన వాహనము తుక్కు చేయబడును. ఓడిన వాహనపు యజమాని, అనగా షోరూము వారు, గెలిచిన వాహనమును కొనవలెను. శ్రీ గంగాధరం గారు తాళము అప్పగించవలెను."

ఈల ఆగిపోయింది.

"మేం అమ్మమండి" అన్నాను.

"మీ ఇష్టముతో నిమిత్తము లేదు. ఓడినవారి అసంతృప్తిని తొలగించుటయే చట్టము యొక్క పరమార్థము."

"మాకేం అసంతృప్తి లేద్సార్!" హేమంత్ దాదాపు ఏడ్చాడు. "ఆ బండి మాకొద్దు సార్! దాన్ని షోరూంలో పెడితే అద్దాలు పగిలిపోతాయి సార్!"

"అసంతృప్తి ఉండును. మీకు తెలియకపోవచ్చును."

ఆయన అరచెయ్యి చాపారు. ఆ చేతిలో పగ లేదు, దురాశ లేదు. వాన కోసం చాపినట్టు చాపారు. నేను జేబులో తాళం పట్టుకుని నిలబడ్డాను. గెలిచినందుకు బండి పోతుందని ఏ మనిషికి తోస్తుంది?

కుమారి వచ్చి నా జేబులో చెయ్యి పెట్టి తాళం తీసుకుంది. పరబ్రహ్మం గారికి ఇవ్వలేదు.

"బాబుగారూ, ఒక్క మాటండి. ఇప్పుడు మీరు చెప్పేసినట్టేనా? ఈ బండి షోరూమోళ్ళదేనా?"

"నిర్ణయము వెలువడినది. షోరూము వారిదే."

"అయితే షోరూం బండి. మరి నేను దీన్ని టెస్ట్ డ్రైవ్ చేస్తానండి."

ముందుగా తేరుకున్నవాడు హేమంత్. ఏడాదిన్నరగా మర్చిపోయిన నడక అతని కాళ్ళలోకి తిరిగొచ్చింది. పరుగున వెళ్ళి డ్రైవరు వైపు తలుపు తెరిచి, నడుం వంచి, "రండి మేడమ్. వెల్కమ్ మేడమ్. స్టీరింగు చూడండి మేడమ్, చాలా... అనుభవం ఉన్న స్టీరింగు" అన్నాడు.

కుమారి ఎక్కింది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పింది, కుడివైపుగా. షామియానా ముందు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వింది. గట్టిగా, గట్టు మీద గొర్రెలు తలెత్తేంత గట్టిగా.

"నవ్వేనండి. రాసుకోండి."

పరబ్రహ్మం గారు కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "నవ్వు స్పష్టముగా ఉన్నది. తులన అనివార్యము. అమ్మా, మీ పేరున ఉన్న స్వవాహనము ఏది?"

"తోపుడుబండి ఉందండి. నర్సరీలో. నా డబ్బుల్తో కొన్నదే."

"తోపుడు... బండి." ఆయన ఆ మాటని మెల్లగా, తీపి పదార్థం చప్పరించినట్టు అన్నారు. "ఇంజను లేదు. సమాన పరిస్థితులు... దానికి ఇంజను అమర్చిన అది తోపుడుబండి కాజాలదు. దీని ఇంజను తీసివేసిన ఇది కారు కాజాలదు." ఆయన ముఖం వెలిగిపోయింది. ఉద్యోగ జీవితంలో అంతటి ప్రశ్న ఆయనకి ఎదురై ఉండదు. "ముందుగా కిలోమీటర్లు. తోపుడుబండి కారు తిరిగినంత దూరము తిరుగవలెను. అంతవరకు అమ్మకము, కొనుగోలు, తుక్కు, అన్నియు నిలుపుదల. తాళము ఎవరి వద్ద ఉన్నది?"

"నా దగ్గరేనండి" అంది కుమారి, స్టీరింగు వదలకుండా.

"అయితే అక్కడనే ఉండును."

ఇప్పుడు మీరెవరైనా కడియం వైపు వస్తే, కాలవ గట్టు మీద ఒక తోపుడుబండి కనిపిస్తుంది. సంస్థ డ్రైవర్లు నలుగురూ వంతుల వారీగా తోస్తుంటారు. ఖాళీగా తోస్తే సమానం కాదు కాబట్టి దాని నిండా మా గులాబీ మొక్కలు ఉంటాయి. కావలసినవాళ్ళు ఆపి కొనుక్కోవచ్చు. హేమంత్ వెనకే నడుస్తూ బేరం చేస్తాడు. మొక్క చూపించి 'కాంపాక్ట్ సైజు సార్' అంటాడు. షోరూం కంటే ఇక్కడే అతనికి అమ్మకాలు బాగున్నాయి.

ఇలాగే తోసుకుంటూ పోతే ఎప్పటికి అందుకుంటారని మొన్న నూకరాజు లెక్క వేశాడు. మన మనవళ్ళ పెళ్ళిళ్ళకి అందుకుంటుంది బావా అన్నాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

కుమారికి మాత్రం రాలేదు. పనున్నా లేకున్నా, రోజూ పొద్దున్నే కారు తీసి, ధవళేశ్వరం దాకా వెళ్ళి వస్తోంది.